చచ్చేవాడి గొంతు

సింగపూరులో మా తెలుగు సంఘం నాటకాల్లో శవం వేషం నాదే. పోటీకి ఎవరూ రారు.

నేను వ్యాను డ్రైవర్ని. సంఘంవాళ్ళ కర్టెన్లు, కుర్చీలు, బంగారు రంగు వేసిన చెక్క సింహాసనం జురాంగ్ ఈస్ట్ నుంచి హాలుకి చేర్చడం నా పని. ఒక ఏడాది శవంగా పడుకోవలసిన పెద్దమనిషి ఆఫీసు పనిమీద బ్యాంకాక్ వెళ్ళిపోయాడు. "యర్రయ్యా, కాసేపు పడుకుంటావా?" అన్నారు. పడుకున్నాను. రెప్ప కూడా కొట్టలేదు. బాగా చచ్చావన్నారు. అప్పట్నుంచి ప్రతి ఉగాదికీ చస్తూనే ఉన్నాను. యుద్ధంలో చచ్చాను, విషం తాగి చచ్చాను, ఒకసారి దేవుడి చేతిలో కూడా చచ్చాను. మాటలున్న వేషం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఎందుకో నాకు తెలుసు. నా తెలుగు వాళ్ళకి నవ్వు తెప్పిస్తుంది. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చాడు. తోటలో పక్కింట్లో అరవవాళ్ళు, దాటితే మలాయ్‌వాళ్ళు. మా ఇంటి తెలుగు ఆ రెండూ కలిపి వండుకున్న కూర. బడి నేను సెకండరీ రెండో ఏడుతో మానేశాను. తెలుగు రాయడం ఇంట్లో మా నాన్న పలక మీద దిద్దించిందే. చాంగీ బిజినెస్ పార్కు ఆఫీసుల నుంచి రిహార్సల్‌కి వచ్చే కుర్రాళ్ళు, నేను నోరు తెరిస్తే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. "అంకుల్, మళ్ళీ అనండి, ప్లీజ్" అని ఫోన్లు తీస్తారు. అందుకని నోరు మూసుకుని చావడమే అలవాటు చేసుకున్నాను.

అలాంటి నాకు శ్రీనాథ్ హీరో వేషం ఇచ్చాడు.

శ్రీనాథ్ బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగి. శని, ఆదివారాల్లో దర్శకుడు. ఇక్కడ తెలుగు లఘుచిత్రాల పోటీ పెడుతున్నారని సినిమా మొదలుపెట్టాడు. ఒక తండ్రి, ఒక కూతురు. ఏదో గొడవై మాట్లాడుకోరు. చివర్లో తండ్రి వండుతాడు, కూతురు వచ్చి కూర్చుంటుంది, ఇద్దరూ తింటారు. అంతే కథ. నాకు నచ్చింది. తర్వాత వారం ఫోన్ చేశాడు.

"కథ మార్చాను అంకుల్. మీరు చచ్చిపోతారు."

"ఎందుకు బాబూ? అన్నం తిని బతికుంటే ఏటి నష్టం?"

"మీరే చూడండి అంకుల్, ఏ దేశంలోనైనా బెస్ట్ యాక్టర్ అవార్డు ఎవరికొస్తుంది? చచ్చిపోయేవాడికి. బతికున్నవాడు ఎంత బాగా చేసినా జ్యూరీ మర్చిపోతుంది. చచ్చినవాడు ఇంటిదాకా వెంటొస్తాడు."

వాడన్నది అబద్ధం కాదు. టీవీలో నేనూ చూశాను. ఉరికంబం ఎక్కినవాడు, జబ్బుతో ఎండిపోయినవాడు, సముద్రంలో మునిగినవాడు, అందరూ కోటు వేసుకుని ట్రోఫీ పట్టుకుని పళ్ళికిలిస్తూ నిలబడతారు. నిజంగా చచ్చినవాళ్ళకి చప్పట్లు కొట్టినవాణ్ణి మాత్రం నేనెక్కడా చూడలేదు. మా నాన్న పోయినప్పుడు వార్డులో పక్క మంచంవాడు టీవీ సౌండు కూడా తగ్గించలేదు.

"మాటలున్నాయా?" అని అడిగాను.

"ఫుల్ డైలాగ్స్ అంకుల్. సినిమా అంతా మీరే."

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ పేరు పాపమ్మ. బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటులో నేను, ఆవిడ, ఇద్దరమే. షుగరు ఆవిడ కళ్ళు రెండూ తినేసింది. ఇప్పుడు మనిషిని గొంతుతోనే పట్టుకుంటుంది. లిఫ్టు దగ్గర ఎవరు దగ్గినా పేరు చెప్పేస్తుంది.

"ఒరే యర్రా, అందులో నీ మాటుంటాదా?"

"అంతా నా మాటేనమ్మా."

"అలగైతే నన్నట్టుకెళ్ళు. సూడ్డానికి కళ్ళు లేవు గానీ ఇనడానికి సెవులున్నాయి."

చచ్చిపోతానని మాత్రం చెప్పలేదు. మా తాత, అంటే అమ్మ తండ్రి, తోటలో వీధి నాటకాలు కట్టేవాడు. ఆ ఇంట్లో ఒక నియమం. తల్లి బతికుండగా కొడుకు చచ్చే వేషం కట్టకూడదు. తప్పక కడితే, లేచిన వెంటనే నలుగురికీ వినపడేలా నవ్వాలి. నవ్వితేనే వేషం దిగినట్టు. లేకపోతే చావు ఒంటి మీదే ఉండిపోతుందట. నా శవం వేషాల సంగతి అమ్మకి తెలీదు, సామాన్లు మోస్తున్నాననే అనుకునేది. నేను మాత్రం ప్రతిసారీ కర్టెన్ వెనక్కెళ్ళి ఒక నవ్వు నవ్వేసే ఇంటికొచ్చేవాణ్ణి. నమ్మకం కాదు, భయం.

షూటింగు మా బ్లాకు పక్కనే, శ్రీనాథ్ స్నేహితుడి ఫ్లాటులో. కూతురుగా నిఖిల అనే అమ్మాయి. నేను పరుపు మీద పడుకుని "నన్ను క్షమించమ్మా" అని కళ్ళు మూయాలి. శ్రీనాథ్ యాక్షన్ అన్నాడు. నిఖిల వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతి చల్లదనానికి నాకు ఆసుపత్రిలో మా నాన్న మంచం గుర్తొచ్చింది. నేను డ్యూటీ దిగి పరుగెత్తుకెళ్ళేసరికి ముక్కులో గొట్టాలు. నన్ను చూసి పెదవులు కదిపాడు. ఏం చెబుతాడో అని వంగాను. "మాకాన్ అయిందారా?" అన్నాడు. మలాయ్ మాట, తిన్నావా అని. ఇంకా లేదు నాన్నా అనే లోపల ఆయన లేడు.

క్షమించమ్మా అనే మాట నా నోట రాలేదు. "మాకాన్ అయిందామ్మా?" అన్నాను. కళ్ళు మూసుకున్నాను.

నిఖిల ఏడ్చింది, అది నటన కాదు. శ్రీనాథ్ కట్ చెప్పడం మర్చిపోయాడు. తర్వాత గెంతాడు. "ఇదే అంకుల్! ఇదే మన అవార్డు!"

కెమెరా పట్టుకున్న వివేక్ ఇక్కడ పుట్టిన పిల్లాడైనా పద్ధతి తెలిసినవాడు. "బ్రో, అంకుల్ నవ్వు షాట్ తీయాలి కదా. సినిమావాళ్ళంతా తీస్తారు, డెడ్ బాడీ సీన్ తర్వాత."

శ్రీనాథ్ గడియారం చూసుకున్నాడు. "ఇంటివాళ్ళు వచ్చేస్తున్నారు బ్రో. స్క్రీనింగ్ రోజు తీద్దాంలే."

ఆ రోజు చాటుకెళ్ళి నవ్వడానికి కూడా నాకు మనసు రాలేదు.

స్క్రీనింగు ఆదివారం మధ్యాహ్నం. అమ్మ పట్టు చీర కట్టుకుంది. ట్రైన్లో పక్కన కూర్చున్న చైనీస్ ముసలావిడకి "మై సన్, హీరో" అని చెప్పుకుంది. హాల్లో ముందు వరుసలన్నీ ఎవరెవరో బ్యాగులు పెట్టి చోప్ చేసి పట్టేసుకున్నారు. వెనక దొరికింది. అమ్మ కూర్చుని, చెవి మీద పడ్డ కొంగు తీసి వెనక్కి వేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన ఒక్క పని అయినా ఆవిడ విని సంతోషించాలి. నాకు కావలసింది అంతే.

లైట్లు ఆరిపోయాయి. తలుపు చప్పుడు. కుక్కర్ కూత. తెర మీద నా మొహం, గోడంత. నా పెదవులు కదిలాయి.

వచ్చిన గొంతు జనార్ధనరావుగారిది.

ఆయన విజయవాడ మనిషి. మా సంఘం సభ ఏదైనా మైకు ఆయనదే. నెయ్యి రాసినట్టుంటుంది మాట. నా నోట్లోంచి ఆయన తెలుగు ఒత్తులతో సహా పొంగుకొస్తోంది. ముందు వరుసలో ఆయన బట్టతల కనపడుతోంది, తన మాటకి తనే తలూపుకుంటూ.

అమ్మ నా వైపు వంగింది. "ఎవుల్రా ఈయన? మంచి గొంతు."

తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

కాసేపాగి, "నువ్వెప్పుడొస్తావు?" అంది.

"వస్తానమ్మా."

"ఊఁ" అని సర్దుకుని కూర్చుంది. నిఖిల అరిచింది, తండ్రి అరిచాడు, తలుపు పడింది, వాన కురిసింది. ప్రతి కొత్త చప్పుడుకీ అమ్మ మెడ నిక్కించి, అది నేను కాదని తెలిసి మళ్ళీ దించుకుంది. చివరికి పరుపు వచ్చింది. వేణువు మొదలైంది. తెర మీద నేను కళ్ళెత్తి నిఖిలను చూశాను. నా పెదవులు మాకాన్ అనే కదిలాయి. నా కళ్ళతో చూశాను. వినపడింది వేరే.

"భోంచేశావా... తల్లీ?"

హాలంతా ముక్కులు చీదుకుంటున్నారు. అమ్మ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. "పావం, పెద్దమనిషి పోనాడు" అంది. తర్వాత నా మోకాలు తట్టింది. "ఇంకా రాలేదేటిరా నువ్వు?"

లైట్లు వెలిగాయి.

"అయిపోయిందమ్మా."

"మరి నువ్వు?"

అంతలో స్టేజీ మీద యాంకర్ పిల్ల మైకులో అరిచింది. "బెస్ట్ యాక్టర్! మనందరినీ ఏడిపించిన ఆ డెత్ సీన్‌కి, మన వ్యాన్ అంకుల్, యర్రయ్యగారు!" జనం లేచి నిలబడ్డారు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. విడిపించుకుని వెళ్ళాల్సి వచ్చింది.

జ్యూరీలో ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "భోంచేశావా తల్లీ! ఒక్క మాటలో తెలుగు తండ్రిని నిలబెట్టారండీ" అన్నాడు. మైకు నా నోటి ముందు పెట్టారు.

"అది నా మాట కాదండి" అన్నాను. "నాను సెప్పింది వేరే."

హాలు ఘొల్లుమంది. "సో క్యూట్ అంకుల్!" అని మైకు పిల్ల చప్పట్లు కొట్టింది. ట్రోఫీ పట్టుకుని దిగిపోయాను. వెనకనుంచి నవ్వులు వెంటొచ్చాయి.

అమ్మని నడిపించుకుని బయటి వరండాలోకొచ్చాను. జనం పులిహోర పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. శ్రీనాథ్ పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు.

"నా గొంతేదీ?" అన్నాను.

"అంకుల్, మీ ఫేసు వరల్డ్ క్లాస్. స్లాంగే కొంచెం... జ్యూరీ కనెక్ట్ అవ్వాలి కదా. మాకాన్ అంటే ఎవరికర్థమవుతుంది?"

"ఇది సింగపూరు. ఎవుడికర్థం కాదు?"

"అవార్డు మీకే వచ్చింది కదంకుల్! జనార్ధనరావుగారు ఏమైనా అడిగారా?"

అమ్మ అంతా వింటోంది. తల కొంచెం పక్కకి వాల్చి, లిఫ్టు దగ్గర దగ్గులు పట్టేటప్పుడు పెట్టే మొహం పెట్టింది.

"సచ్చిపోయినోడు నువ్వా?"

"నానే."

"నోట్లో గొంతు ఆ పెద్దమనిషిదా?"

"అవును."

"మరి నువ్వేటన్నావు, పోయేటప్పుడు?"

చెప్పాను. ఆ మాటే. నాన్న ఆఖర్న అన్నది అదేనని కూడా.

అమ్మ చేతికర్రని రెండు చేతులా పట్టుకుంది. నాన్న పోయినప్పుడు ఆవిడ వార్డులో లేదు. ఆఖర్న ఏమన్నాడని ఎన్నిసార్లు అడిగినా, ఏమీ అనలేదనే చెబుతూ వచ్చాను. చెబితే ఆవిడ అన్నం ముట్టదని.

"నాకు సెప్పలేదు" అంది. "ఈళ్ళకిచ్చీసినావు."

"ఇచ్చానమ్మా."

"ఇచ్చినా ఈళ్ళు ఉంచుకోలేదు."

శ్రీనాథ్ నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. అమ్మ చేతికర్ర నేల మీద ఒకసారి కొట్టింది.

"సచ్చి లేచినాక నవ్వినావా?"

"లేదు."

"అవునవును ఆంటీ, స్మైల్ షాట్ పెండింగ్!" శ్రీనాథ్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఫోన్ తీశాడు. "అంకుల్, ట్రోఫీ పైకెత్తండి. స్మైల్!"

పళ్ళు చూపించాను.

"సూపర్! అయిపోయిందాంటీ."

"ఏదీ?" అంది అమ్మ. "నాకినపడలేదే."

పులిహోర తింటున్నవాళ్ళు ఇటు తిరిగారు. నేను గొంతు సవరించుకున్నాను. హహ్హహ్హ అన్నాను. వరండా చివరిదాకా వెళ్ళేలా, నాటకాల్లో రాజులు నవ్వినట్టు.

అమ్మ తలూపింది, కాదని. "అది నీది కాదురా. అదీ ఆ పెద్దమనిషిదే. నీది నవ్వు."

మళ్ళీ నోరు తెరిచాను. ఏమీ రాలేదు. కర్టెన్ల వెనక ఇన్నేళ్ళూ నవ్విన నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. శ్రీనాథ్ ఫోను దించాడు.

"పర్లేదంకుల్, వీడియో ఉంది కదా. నవ్వు డబ్బింగులో కలిపేద్దాం."

ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు. అమ్మ కర్ర నేలకి ఆనించి అలాగే నిలబడింది. నేను నవ్వేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదలదని నాకు తెలుసు.

"మళ్ళీ" అంది.

నోరు తెరిచాను.