ఇనుము రుచి

అత్తగారు కక్కిన గిన్నెను పూజిత వెలుతురుకు పట్టి చూసింది. అందులో ఉన్నది అన్నం కాదు, కాఫీ పొడి కలిపినట్టున్న నల్లటి రక్తం.

ఇది రెండోసారి. వానాకాలంలో ఇలాగే అయితే అత్త మణెమ్మ కడుపులో పుండు ఉందన్నారు. రెండు వారాలు గోలీలు మింగింది. తర్వాత పరీక్ష చేస్తే రోగం పోయిందని వచ్చింది. పోయిన రోగం మళ్ళీ ఎలా వచ్చింది?

పక్కింటి ఇందిరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. గిన్నెలోకి ఒక చూపు, పూజిత మొహంలోకి ఒక చూపు.

"ఇది రోగం గాదు మణెమ్మా. ఎవలో తిండిల మందు పెట్టిన్రు. గీ ఇంట్ల పొయ్యికాడ ఎవలుంటరో మళ్ళ నేను జెప్పాల్నా?"

"జర నోరు కడుక్కోనియ్యి ఆమెను" అంటూ పూజిత నీళ్ళ గ్లాసు అందించింది.

మణెమ్మ ఆ చేతిని నెట్టేసింది. "నువ్వొద్దు. రాకేశ్ ఇస్తడు."

రాకేశ్ గ్లాసు అందుకున్నాడు. అందులో నీళ్ళు పారబోసి, గ్లాసును రెండుసార్లు తొలిచి, మళ్ళీ నింపి తల్లికిచ్చాడు. కట్టుకున్న మొగుడే తన చేతి గ్లాసును కడగడం పూజిత చూసింది. న్యాల్‌కల్ నుంచి కోడలిగా వచ్చి ఏడాది కాలేదు.

"దవాఖానకు పోయొస్త. అటెన్క మందు కక్కించేటోని కాడికి పోత" అంది మణెమ్మ, మూతి తుడుచుకుంటూ. "అది బయటవడ్డదో, నీ బిడ్డను తీస్కపొమ్మని మీ నాయినకు ఫోన్ జేస్త."

మామ మహాదేవప్ప అరుగు మీద కూర్చున్నాడు. జహీరాబాద్ చుట్టుపక్కల పెళ్ళి వంటల్లో ఆయనది పేరున్న చెయ్యి. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఇప్పుడు భుజాన తువ్వాలు సర్దుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

దవాఖానలో డాక్టర్ అంజుమ్ మణెమ్మ కడుపులోకి గొట్టం వేసి చూసింది. అత్తను మంచం మీద పడుకోబెట్టాక పూజితను లోపలికి పిలిచింది.

"మేడం, తిండిల ఎవలన్న ఏమన్న కలిపితే గిట్లైతదా?" పూజిత అడగనే అడిగేసింది.

"లోపటికి విషం ఎక్కిస్తున్న మాట నిజమే. ఎక్కించేది మనిషి గాదు" అంటూ డాక్టర్ తెర మీద ఎర్రగా వాచిన కడుపు గోడను చూపించింది. "ఇది కడుపుల ఉండే బ్యాక్టీరియా. కడుపుల అంత యాసిడ్ల గూడ చావదు. గోడ మీది జిగురుల దూరి కణానికి అతుక్కుంటది. సూది లెక్క ఒక గొట్టం బయటికి తీసి, తన ప్రోటీన్‌ను కణం లోపటికి నెడతది."

"ఇంజెక్షన్ ఇచ్చినట్టా?"

"అచ్చం అట్లనే. ఇంకో మోసం విను. లోపటికి పోయినంక ఆ ప్రోటీన్ మీద మన కణమే ముద్ర వేస్తది, సొంత మనిషే అనుకొని. ముద్ర పడంగనే అది పెత్తనం మొదలుపెడతది. కణం ఆకారం మారుస్తది, పక్క కణంతోని పట్టు వదులు చేస్తది. ఏండ్లకేండ్లు గిట్లనే నడిస్తే కొంతమందికి క్యాన్సర్ దాక పోతది." డాక్టర్ గొంతు తగ్గించింది. "మీ అత్తమ్మకు వానాకాలంల పరీక్షకు తీసిన కడుపు ముక్కలల్లనే కణాలు మారుడు షురువైంది. ఇంకా చెయ్యి దాటలే. కాని మళ్ళమళ్ళ అంటుకుంటే నేను ఏం జెప్పలేను."

"ఎవలు అంటిస్తున్నరు మేడం?"

"ఇది ఎక్కువ ఇంట్లోళ్ళ నుంచే వస్తది. నోటి ఎంగిలితోని గూడ. అప్పుడు మీ మామకు గూడ ఉందని తేలింది గద. ఇద్దరికీ అవే గోలీలు రాసిన. ఆమె మళ్ళ పరీక్షకు వచ్చింది, ఆయన రాలే. అన్ని మింగిండా?"

"మింగిండు. గోలీల ఖాళీ పత్తాలు నేనే చెత్తల వేసిన."

"అయితే మంచిదే. ఆ గోలీలతోని నోరంత ఇనుము నాకినట్టుంటదని చానమంది నడుమనే ఇడిసిపెడతరు."

ఆటోలో తిరిగొస్తుంటే ఆ చివరి మాట పూజితను వదల్లేదు. ఆ రెండు వారాలూ మణెమ్మ ఏది నోట పెట్టినా ఉమ్మేసింది, ఇనుము ఇనుమని ఏడ్చింది. మరి మామ? సరిగ్గా అప్పుడే చిరాగ్‌పల్లి పెళ్ళికి వండాడు. సాయంగా పోయిన పూజిత కళ్ళారా చూసింది. అరచేతిలో ఒక్క చుక్క చారు వేసుకుని నాకి, 'చిటికెడు ఉప్పు తక్కువైంది' అన్నాడు. వెయ్యి మంది లొట్టలేసుకుంటూ తిన్నారు.

ఇనుము నాకిన నాలుకకు చిటికెడు ఉప్పు ఎలా తెలిసింది?

ఇంటికి చేరేసరికి వాకిట్లో పొయ్యి మండుతోంది. ఎవరిదో నిశ్చితార్థానికి పప్పుచారు గుండిగలో మరుగుతోంది. మణెమ్మను రాకేశ్ నులక మంచం మీద కూర్చోబెట్టాడు. ఏం తేలిందో వినాలని ఇందిరమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది.

మహాదేవప్ప గంటెతో కాస్త చారు తీసి, ఊది, ఒక గుటక తాగాడు. అలవాటుగా అదే గంటెను భార్య నోటి దగ్గరికి తెచ్చాడు. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆమె నాలుక సరేనంటేనే ఆయన గుండిగ దించేది.

"ఎట్లుంది జెప్పు. ఒక్క గుటకనే, ఏం గాదు."

మణెమ్మ నోరు తెరిచింది. పూజిత ఒక్క అంగలో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది. చారు ఒలికి పొయ్యిలో చుయ్యిమంది.

"ఓయమ్మో, మామ చెయ్యి పట్టుకుంటున్నది సూడు!" ఇందిరమ్మ లేచి నిలబడింది.

"పూజితా, వదులు!" రాకేశ్ అరిచాడు.

పూజిత వదల్లేదు. "మామా, చిరాగ్‌పల్లి పెండ్లిల ఉప్పు ఎట్ల తెలిసింది నీకు? అత్తమ్మ నోరు ఇనుమైనప్పుడు నీ నోరెందుకు గాలే? డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు ఏడవోయినయి?"

"నన్నే అడుగుతవా? నిన్నగాక మొన్నొచ్చి..." మహాదేవప్ప గొంతు పెద్దగా లేచింది గానీ మాట సగంలోనే తెగిపోయింది. మణెమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. గంటె ఆయన చేతిలోంచి జారి కింద పడింది.

"నేను మింగలే, మణెమ్మా" అన్నాడు మహాదేవప్ప. "ఒక్క గోలీ మింగిన. మర్నాడు పప్పుల ఉప్పుందో లేదో తెలుస్తలే. నాలికె పోతే నేనేం వంటోణ్ణి? మిగిలినయి ఒక్కొక్కటి పత్తాల నుంచి తీసి గీ పొయ్యిలనే ఏసిన. నాకు నొప్పి లేకుండె, నాకేం రోగమనుకున్న. నువ్వు బాగైనంక మళ్ళ అదే గంటె నీ నోట్ల పెట్టిన. ఇయ్యాల నువ్వు నల్లగ కక్కంగనే అనుమానమైంది, ఇది నా నుంచే వచ్చిందేమోనని. అయినా అలవాటుల ఇప్పుడు గూడ గంటె నీ నోటికాడికే తెచ్చిన. ఇందిరమ్మ కోడలి మీద ఏసినప్పుడు, నీ కొడుకు గ్లాసు కడిగినప్పుడు, అంత సూసుకుంట కూసున్న. ఈ పిల్ల ఏం కలపలే. నీకు విషం తినిపించింది నేనే."