కండక్టర్ పిచ్చయ్యగారి విజిల్

నేను ఒక విజిల్‌ని. ఇత్తడి ఒళ్లు, కడుపులో బఠాణీ గింజంత ఉండ. ఎక్కడ పుట్టానో తెలియదు. బుద్ధి తెలిసేసరికి ఆర్టీసీ కండక్టర్ పిచ్చయ్యగారి మెడలో ఉన్నాను. ఒకసారి ఊదితే బస్సు ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. నాకొచ్చిన చదువు అంతే. దాంతోనే ముప్పై ఏళ్లు వినుకొండ రూటులో డ్రైవర్లను ఆడించాను.

రిటైరయ్యాక ఆయన గుంటూరులో, కోచింగ్ హాస్టళ్ల సందులో ఇడ్లీబండి పెట్టి నన్ను మేకుకు తగిలించారు.

నిరుడు ఆ సందులో ఒక పిల్లవాడు ఆత్మహత్య చేసుకున్నాడు. ముందురోజు మా బండి దగ్గరే ఇడ్లీలు ముట్టకుండా వెళ్లాడు. "ఏం బాబూ?" అన్నవాళ్లు లేరు. పిచ్చయ్యగారు వారంపాటు పొయ్యి వెలిగించలేదు.

తర్వాత ఆయన, ఇస్త్రీబండి మస్తానమ్మ, జిరాక్సు షాపు కోటిలింగం కలిసి ఒక డాక్టరమ్మను పిలిపించారు. దిగులుగా కనిపించిన పిల్లల్ని కూర్చోబెట్టి సూటిగా అడగండి, చెప్పింది వినండి, ఒంటరిగా వదలకుండా నా దగ్గరికి తీసుకురండి అందావిడ. సలహాలు మాత్రం ఇవ్వొద్దంది.

అక్కడే వచ్చింది చిక్కు. మనవాళ్లు అన్నం మానమంటే మానతారుగానీ సలహా మానమంటే వాళ్ల వల్ల కాదు. మొదట కూర్చున్న కుర్రాడికి కోటిలింగం తన బావమరిది నాలుగుసార్లు తప్పి అయిదోసారి గట్టెక్కిన కథ చెబితే, అతను కూర్చున్నచోటే నిద్రపోయాడు. దాంతో మస్తానమ్మ నన్ను మేకు మీదినుంచి తీసి తీర్పు చెప్పింది. సలహా ఇస్తే విజిల్ పడుతుంది, ఇచ్చినవాళ్లు సాంబారుకు ఉల్లిపాయలు ఒలవాలి. ఆ నెలంతా కోటిలింగం కళ్లు ఆరలేదు. పిల్లలేమో ఆయనది జాలిగుండె అనుకున్నారు.

ఒక ఉదయం హెప్సిబా అనే అమ్మాయి తన పుస్తకాలన్నీ జిరాక్సు షాపులో పెట్టి, "ఎవరికన్నా ఇచ్చేయండంకుల్, నాకింక అక్కర్లేదు" అంది. కోటిలింగం షాపు వదిలేసి ఆమెను బండి దగ్గరికి తీసుకొచ్చాడు.

పిచ్చయ్యగారు స్టూలు వేశారు. "అమ్మాయ్, చచ్చిపోవాలనిపిస్తందా?"

ఆమె తల వంచుకుంది. "అవునండీ."

పక్కనే ఉన్న మస్తానమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. పిచ్చయ్యగారు మాత్రం అలవాటుకొద్దీ, "చూడు తల్లీ, బతుకన్నాక..." అన్నారు. మస్తానమ్మ ఊదింది. "అది కాదమ్మా, చదువొక్కటే..." మళ్లీ ఊదింది. ఆయన నన్ను లాక్కుని ఆ అమ్మాయి చేతిలో పెట్టారు.

"నా నోరు ఆగదు తల్లీ. నేను మొదలెడితే నువ్వే ఊదెయ్."

హెప్సిబా మెల్లగా చెప్పసాగింది. "నాన్న ఫోన్ చేస్తే మార్కులెన్నంటాడండీ. తిన్నావా అనడు."

"మీ నాన్నకు నేను చెబుతా..." అన్నారో లేదో, నేను మోగాను. ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే బావురుమంది. గంటసేపు ఏడుస్తూ చెప్పింది, ముగ్గురూ విన్నారు. ఇడ్లీపాత్రలో నీళ్లు ఇంకిపోయి అడుగు మాడింది. వెంటనే ఆటో పిలిచి ముగ్గురూ ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు, వాళ్లమ్మానాన్నలు వచ్చేదాకా పక్కనుంచి కదల్లేదు.

మూడు నెలలు మందులు వాడింది, డాక్టరమ్మతో మాట్లాడింది. నిన్న తండ్రితో వచ్చి నాలుగిడ్లీలు తింది. అయిదోది వేయించుకోమని బతిమాలింది ఆ తండ్రే. ఆటో ఎక్కబోతూ ఆ పిల్ల వెనక్కొచ్చి, నన్ను మేకు మీదినుంచి తీసి రెండుసార్లు ఊదింది.

"రైట్ రైట్!" అని కేకేసి పిచ్చయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. నిన్న ఆయన ముందు ఉల్లిపాయలు లేవు.