అన్నయ్య ప్రకటన

ఏలూరులో తివాచీలు నేయించి అమ్మే జీషాన్ పొద్దున్నే మగ్గాల దగ్గరికి వెళ్ళేముందు కంప్యూటర్ తెరుస్తాడు. గూగుల్‌లో ‘ఏలూరు కార్పెట్స్’ అని కొట్టి, కుడి పక్కన ఎవరి ప్రకటన పైన ఉందో చూస్తాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో వెతికేవాళ్ళకు కనబడేవి రెండే. ఒకటి అతనిది. రెండోది తాడేపల్లిగూడెంలో దుకాణం పెట్టుకున్న అన్న వసీమ్‌ది.

ఎవరైనా ప్రకటన నొక్కితేనే డబ్బు పోతుంది. నొక్కినందుకు ఎంత ఇస్తామో ముందుగా బిడ్ రాసి పెట్టుకోవాలి. ఎక్కువ రాసినవాడు పైన, తక్కువ రాసినవాడు కింద. వాళ్ళిద్దరి విషయంలో లెక్క అంతే.

అన్నదమ్ముల మధ్య మాటలు లేక మూడేళ్ళయింది. తండ్రి అబ్దుల్ జబ్బార్ పోయిన నలభయ్యో రోజున, వసీమ్ తన వాటా మగ్గాలు రెండూ కట్టెల అడితికి అమ్మేశాడని తెలిసింది. భోజనాలకు వచ్చిన వాళ్ళందరి ముందూ జీషాన్, “ఇవాళ్టి నుంచి నువ్వు నా అన్నవి కాదు” అన్నాడు. వసీమ్ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిరిగి తిట్టి ఉంటే జీషాన్ ఎప్పుడో మరిచిపోయేవాడు. ఆ అనని మాట కోసమే మూడేళ్ళుగా అతని చెవి ఎదురుచూస్తోంది.

అందుకే 2007 వేసవిలో, తను ప్రకటన పెట్టిన రెండు వారాలకు దాని నెత్తిన వసీమ్ దుకాణం పేరు కనబడినప్పుడు అతనికి కోపం రాలేదు. ఒంట్లోకి ఏదో వెచ్చగా పాకింది. అన్నయ్య ఇన్నాళ్ళకు జవాబిచ్చాడనుకున్నాడు.

అర్ధ రూపాయి పెంచాడు. పైకి వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నానికి వసీమ్ మళ్ళీ పైన ఉన్నాడు. ఇంకో అర్ధ రూపాయి. మళ్ళీ అంతే.

అలా ఏడాది నడిచింది. జవాబు వచ్చే వేళను బట్టి అన్న మనసును చదవడం నేర్చుకున్నాడు. గంటలో వస్తే కోపంగా ఉన్నాడు. సాయంత్రానికి వస్తే వ్యాపారం బాగుంది, తీరిక లేదు. ఆదివారం అసలు కదలడు, పిల్లల్ని తీసుకుని ఎక్కడికో వెళ్ళి ఉంటాడు. బక్రీదు రోజున కూడా పెంచాడు. పండగ పూట తను గుర్తొచ్చాడన్నమాట. ఆ రోజు జీషాన్ కంప్యూటర్ ముందు నుంచి లేచి, ఎవరూ చూడకుండా పెరట్లోకి వెళ్ళి కళ్ళు కడుక్కున్నాడు.

“రోజుకి వెతికేవాళ్ళు నలుగురండీ,” అనేది భార్య సబీహా. “ఆ నలుగురి కోసం మీరూ మీ అన్నగారూ ఇంత పోట్లాడుకోవాలా?”

“పైన ఉన్నవాడికే ఫోన్ వస్తుంది.”

“కిందున్నా వస్తోందిగా. మొన్న ఆకివీడు చేపల చెరువులాయన ఏమన్నాడూ? పైదాన్లో అన్నీ ప్లాస్టిక్ చాపలేనంట, అందుకని వెనక్కొచ్చి రెండోదాన్ని నొక్కాడంట. మీ అన్నగారు ఖర్చు పెట్టి మరీ మనకి బేరం పంపిస్తున్నారు.”

ఆమె నవ్వుతూ అన్న మాటలో నిజముందని అతనికి తెలుసు. కొల్లేరులో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన దగ్గర్నుంచి కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు తగ్గారు. వచ్చే ఆ కొద్దిమందికీ రెండో స్థానం చాలు, ఖర్చూ తక్కువ. కానీ తను కింద ఊరుకుంటే పైవాడికి కదిలే పనుండదు. అన్నయ్య కదలాలి. లాభం కంటే అదే అతనికి కావలసింది.

మరుసటి ఏడాది వానల్లో ఒక సోమవారం పొద్దున చూస్తే వసీమ్ ప్రకటన లేదు. కిందా లేదు. మంగళవారం లేదు. బిడ్ తగ్గించి చూశాడు. తగ్గించినా తనే పైన.

“మంచిదేగా,” అంది సబీహా. అతని ముఖం చూసి గొంతు తగ్గించి, “ఫోన్ చెయ్యకూడదూ?” అంది.

ఫోన్‌లో మొదటి మాట ఏమనాలో అతనికి తెలియలేదు. ఆస్పత్రి మంచం మీద అన్నను ఊహించుకున్నాడు. ఆ ఊహలో తను క్షమాపణ అడుగుతున్నాడు, అన్న చెయ్యి పట్టుకుంటున్నాడు. అది కాస్త ఇష్టంగా ఉందని గమనించి తనంటే తనకే భయం వేసింది. గురువారం పాసింజర్ ఎక్కాడు. భీమడోలు, కైకరం, చేబ్రోలు దాటేదాకా ఒకే వాక్యాన్ని మార్చి మార్చి అనుకున్నాడు.

వసీమ్ ఆరోగ్యంగా ఉన్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు కూడా. మెడలో టేపు వేసుకుని కర్టెన్ గుడ్డ కొలుస్తున్నాడు.

“రారా, కూర్చో. సబీహా బాగుందా?” అన్నాడు, కిందటి వారమే కలిసినట్టు.

“నీ ప్రకటన కనబడటం లేదు, భాయ్.”

“ఏ ప్రకటన?”

“గూగుల్లోది.”

“అదా? విజయవాడలో ఏదో ఆఫీసులే. ఏడాదికింతని తీసుకుని, నీ పేరు పైన ఉంచుతామన్నారు. గడువైపోయింది. తివాచీలెవడు కొంటున్నాడ్రా? మళ్ళీ కట్టలేదు.”

“మరి రోజూ చూసి పెంచింది నువ్వు కాదా?”

“నాకు కంప్యూటర్ ఎక్కడొచ్చు? వాళ్ళ దగ్గర ఒక ఉద్యోగి ఉన్నాడంట. పక్కవాడు పెంచితే అతనూ పెంచుతాడంట. పక్కవాడెవరో నేను అడగలేదు.” వసీమ్ గుడ్డ మీద సుద్దతో గీత గీశాడు. “నువ్వేనా? పోన్లే, ఇప్పుడు పైన నువ్వొక్కడివే. హాయి.”

జీషాన్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆదివారాలు ఆ ఉద్యోగికి సెలవు. బక్రీదు అతనికి మామూలు రోజు. తాడుకు అవతల కొస అన్నయ్య పట్టుకున్నాడనుకున్నాడు ఏడాదంతా. లాగింది మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషి, జీతానికి.

అయినా తెచ్చుకున్న వాక్యాన్ని బయటికి తీశాడు. “భాయ్, ఆ రోజు నేనన్న మాట...”

“ఏ రోజు?”

“నాన్న నలభయ్యో రోజు.”

వసీమ్ కాసేపు ఆలోచించాడు. నటించడం లేదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు. “ఆఁ, మగ్గాల గొడవా? వదిలెయ్. నేనెప్పుడో మర్చిపోయాను,” అన్నాడు. ఆ గొంతులో దయ ఉంది. జీషాన్‌కి దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

“ఆ విజయవాడ వాళ్ళ నంబర్ ఇస్తావా?” అన్నాడు.

“నీకెందుకు?”

“నీ ప్రకటన మళ్ళీ పెట్టిద్దాం. డబ్బు నేను కడతాను.”

వసీమ్ నవ్వాడు. “నీ మీద పోటీకి నన్ను నువ్వే నిలబెడతావా? పిచ్చోడా. కొట్లో తివాచీ ఒక్కటి లేదు. ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెప్పను?”

“నా పేరు చెప్పు. ఏలూరులో మా తమ్ముడు ఉన్నాడు, అక్కడికి వెళ్ళండని.”

వసీమ్ నవ్వు ఆగింది. తమ్ముడి ముఖంలోకి మొదటిసారి చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో ఒకావిడ లోపలికొచ్చి, “ఏవండీ, డోర్ కర్టెన్లు మీటరెంతండీ?” అంది. వసీమ్ అటు తిరిగాడు. ధర చెబుతూనే డ్రాయర్ లాగి, కాగితాలు కెలికి, మూసేశాడు.

“ఆ కార్డు ఎక్కడ పడేశానో. దొరికితే ఫోన్ చేస్తాలే.”

“నా నంబర్ మారింది.”

“ఆ బిల్లు పుస్తకం వెనకాల రాసి వెళ్ళు,” అన్నాడు వసీమ్, గుడ్డ విప్పి ఆవిడకు చూపిస్తూ.

జీషాన్ పెన్ను తీసుకుని నంబర్ పెద్ద అంకెలతో రాశాడు. పక్కన తన పేరు రాశాడు. పెన్ను పెట్టేయబోయి, ఆగి, పేరు కింద ‘ఏలూరు’ అని కూడా రాశాడు.