కాచి చల్లార్చిన నీళ్ళు

ప్రయోగశాలలో ఆయనను బుడగల మాస్టారు అంటారు. యంత్రంలో పోసే నీళ్ళల్లో ఆవగింజంత బుడగ ఉన్నా లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే నీళ్ళు మరిగించి, గాలంతా పోగొట్టి, సీసా అంచుదాకా నింపి మూత బిగించడం ఇరవై ఏళ్ళుగా ఆయన పని.

"పెట్రోలులాంటి ద్రావకాలు ఆక్సిజన్‌ని బాగా కలుపుకుంటాయట. నీళ్ళకేం రోగం సార్?" అని అడిగింది కొత్తగా చేరిన అమ్మాయి.

"నీటి కణాలది ఒకటే జట్టమ్మా. ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు, ఆక్సిజన్‌కి చోటివ్వవు. ఎలాగో దూరిన ఆ కాస్తా వేడి తగిలితే పారిపోతుంది. ఇంక ఆ నీళ్ళల్లో చేపని వేశామనుకో..."

చేతిలో సీసా బల్లమీద పెట్టి, చెప్పాపెట్టకుండా ఇంటికి పరుగెత్తాడు.

భార్య పోయి పదకొండు రోజులు. మంచం పట్టిన ఆర్నెల్లూ ఆవిడ చూపంతా కిటికీలోని గాజు జాడీ మీదే, అందులోని ఎర్ర చేప మీదే. దాని పేరు బుంగమూతి. "నీకు మతిమరుపు. దీన్ని మాత్రం మరిచిపోకండి" అనేది, నువ్వూ మీరూ కలిపేసి. ఆయన మరవలేదు. ఆ రోజు పొద్దున్నే జాడీ కడిగి, వంటింట్లో మూతపెట్టి ఉన్న సీసాల్లోంచి కొత్త నీళ్ళు నిండా పోశాడు.

బడికి వెళ్ళేముందు కూతురు చెప్పనే చెప్పింది: "నాన్నా, బుంగమూతి పైకొచ్చి నోరు తెరుస్తోంది."

"ఆకలేమోలే తల్లీ" అని నాలుగు గింజలు వేశాడు. లోకానికంతా శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఇంటికి వచ్చేసరికి చేప వెల్లకిలా తేలుతోంది. అయినా ఊరుకోలేదు. రెండు గిన్నెలు తీసి నీళ్ళు ఎత్తునుంచి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తిరగబోస్తూ కూర్చున్నాడు. బుడగలు లేచాయి, చేప కదలలేదు. బడి నుంచి కూతురు వచ్చేదాకా పోస్తూనే ఉన్నాడు.

ఆ పిల్ల సంచీ దింపలేదు. చేపనీ, ఖాళీ సీసాలనీ చూసింది.

"నీళ్ళెందుకు కాచావు నాన్నా?"

డాక్టరు చెప్పిన నాటి నుంచి రోజూ పొద్దున్నే కాచి చల్లార్చి నింపుతున్న సీసాలవి. ఈ పదకొండు రోజులూ కూడా నింపుతూనే ఉన్నానని ఆయనకు అప్పుడే తెలిసింది.

"అమ్మకి" అన్నాడు.