ఎనిమిదేళ్ల గొట్టం

మత్తు డాక్టరమ్మ పిల్ల వయసు అడిగింది. తండ్రి రెప్ప వేయకుండా "ఎనిమిది" అన్నాడు. పక్కనే ఉన్న అతని తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎనిమిదెక్కడివి? కడుపులో పడ్డప్పటి నుంచీ చూస్తున్న నాయనమ్మకి తెలియదూ? తన కూతురు అందరికంటే ముందే చదివేయాలని బళ్లో వేసేటప్పుడు రెండేళ్లు కలిపేశాడు మహానుభావుడు. ఇప్పుడు టాన్సిల్స్ కోయించడానికి తీసుకొచ్చి ఇక్కడా అదే పాట.

డాక్టరమ్మ పొట్లాల్లోంచి, మత్తులో ఊపిరికి పెట్టే గొట్టం ఒకటి ఏరి ట్రేలో పెట్టుకుంది. "ఏదీ, నోరు తెరువు బుడంకాయా" అంటూ టార్చి వేసి, కదిలే పళ్లున్నాయేమోనని వేలితో ఒక్కొక్కటే తట్టింది. చెయ్యి ఆగిపోయింది.

"పాలపన్ను ఒక్కటీ ఊడలేదేంటండీ?"

"మా వైపు అందరికీ ఆలస్యమేనండీ."

"ఎవరికిరా ఆలస్యం?" అంది ముసలావిడ. "ఆరో ఏటికే నీ ముందు పళ్లు ఊడిపోయి, నవ్వితే తలుపుల్లేని గుమ్మంలా ఉండేది మొహం."

"అమ్మా, నువ్వుండవే."

"నీకెన్నేళ్లు తల్లీ?" డాక్టరమ్మ పిల్లనే అడిగింది.

పిల్ల ముందు తండ్రి మొహం చూసింది. తర్వాత "ఎనిమిది" అంది, పాఠం అప్పజెప్పినట్టు.

ముసలావిడ ఇక ఆగలేదు. "ఆరు నిండలేదండీ. ఈ వానల్లో నిండుతాయి. పసిదానికి అబద్ధం నూరిపోశాడు, వీడి చదువు తగలెయ్య."

డాక్టరమ్మ గొంతు పెంచలేదు గానీ మొహం ఎర్రబడింది. "ఊపిరి గొట్టం సైజు ముందు వయసును బట్టే లెక్క కడతాం. బిగుతైతే లోపల ఒరుసుకుని వాస్తుంది. తీశాక గాలాడక గిలగిల్లాడేది పిల్ల, మీరు కాదు. సరిపోయిందో లేదో చూసుకుంటాం, నిజమే. కానీ ఇంత గొంతులో తీసి మళ్లీ పెట్టడం ఆటలా ఉందా మీకు?"

"బళ్లో తెలిస్తే కింది క్లాసులోకి దింపేస్తారండీ..."

"నాకు బడితో పనిలేదు." ట్రేలో గొట్టం తీసేసి, చిన్నది పెట్టుకుంది. దాని పక్కన ఇంకాస్త సన్నది కూడా. పిల్లని తీసుకుని లోపలికెళ్లిపోయింది.

బయట బల్ల మీద తల్లీకొడుకులు చెరో చివర కూర్చున్నారు. అతను మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆవిడ ముట్టుకోలేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చి, చిన్న గొట్టమే సరిగ్గా పట్టిందనీ, పిల్ల తనంతట తానే ఊపిరి తీసుకుంటోందనీ చెప్పింది. మంచం దగ్గరికి వెళ్లాక కొడుకు నెమ్మదిగా అన్నాడు.

"చూశావా, ఏం కాలేదు. బళ్లో మాత్రం అనకే."

ఆవిడ అతని చెయ్యి లాగి, నిద్రపోతున్న పిల్ల గుండెల మీద పెట్టింది. ఆ చిన్న ఎముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. అతను చెయ్యి తీయబోతే మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉంచు. రేపు బడికి నువ్వొస్తావా, నన్నే వెళ్లమంటావా, అది చెప్పి తియ్యి."