ఒడిలో జీడి

ఉద్దానంలో వేసవి గాలికి ఒకచోట కూర్చునే అలవాటు లేదు.

సముద్రం మీద నుంచి లేస్తుంది. కొబ్బరి మట్టల్ని ఒకదానికొకటి గీరుతుంది. జీడితోటల్లో దూరి పండిన పళ్ళ పులుపు వాసన ఎత్తుకొస్తుంది. ఇసుక తెస్తుంది. గుమ్మం దాటి, చాప దాటి, మా అమ్మాయి కుర్చీ చక్రాల ఇరుసుల్లో ఆ ఇసుకంతా పోసి, తనకేం పట్టనట్టు వెళ్ళిపోతుంది.

నేను తుడుస్తాను.

అది మళ్ళీ పోస్తుంది.

మా అమ్మాయి పేరు అబేబా. పుట్టింది ఇథియోపియాలో. అక్కడి భాషలో ఆ మాటకి పువ్వు అని అర్థం. మా అత్తగారు చిన్నతల్లి నోట్లో పడ్డ మొదటిరోజే అది బేబమ్మ అయిపోయింది. ఇప్పుడు ఊరంతటికీ బేబమ్మే.

మా ఆయన మనోహర్ అప్పట్లో హవాసాలో, పెద్ద సరస్సు పక్కనున్న యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పేవాడు. మా వైపు నుంచి అలా వెళ్ళి పాఠాలు చెప్పొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరూ కాఫీ గింజలు తెచ్చుకున్నారు.

మేం కూతుర్ని తెచ్చుకున్నాం.

రెండేళ్ళ పిల్ల. అనాథాశ్రమంలో బోర్లా పడుకుని ఉంది. నడుము మీద కుట్ల మచ్చ. పుట్టినప్పుడు వెన్నెముక కింది కొస మూసుకోలేదన్నారు. నడవదన్నారు. నడుం కింద స్పర్శ ఉండదన్నారు. అన్నవన్నీ విన్నాం. వింటూ ఉండగానే ఆ పిల్ల మనోహర్ చొక్కా గుండీ పట్టుకుంది… వదల్లేదు.

కోర్టు కాగితాలకి ఏడాదిన్నర పట్టింది.

గుండీకి ఒక్క నిమిషం.

ఊరికి వచ్చేసరికి దానికి ఆరేళ్ళు. మా వాకిట్లో జనం. కుర్చీని చూసేవాళ్ళు, రంగుని చూసేవాళ్ళు, ఉంగరాల జుట్టుని చూసి నవ్వుకునేవాళ్ళు. అత్తగారు మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది.

"అన్నం తింటాదేటే?"

తింటుందన్నాను.

"అయితే బయట నిలబెట్టీసేవేటి? లోపలికి తే."

అంతే. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. అన్నంలో ఎండుచేపల పులుసు కలుపుకుంటుంది. తెలుగు మాట్లాడితే అచ్చం వాళ్ళ నానమ్మే మాట్లాడినట్టు ఉంటుంది.

ఒక్కటే తేడా. అందరికీ నొప్పి చెబుతుంది. దానికి చెప్పదు.

దాని నొప్పిని నేను వెతుక్కోవాలి.

రోజూ సాయంత్రం చిన్న అద్దం పట్టుకుని వెతుకుతాను. పిరుదులు, తొడల అడుగులు, మడమలు. ఎరుపుందా. చెమ్మ ఉందా. చర్మం కమిలిందా. హవాసాలో ఒకసారి లోపలి బట్ట మడతపడి ఒత్తుకుంది. రూపాయి బిళ్ళంత పుండు. అది మానడానికి పిల్ల అయిదు నెలలు బోర్లా పడుకుంది.

రూపాయి బిళ్ళంత.

అయిదు నెలలు.

అప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. నేనూ కాలేజీలో పాఠాలే చెబుతాను. బోర్డు మీద రాస్తూ ఉంటాను, కుర్చీలో గుడ్డ మడతపడిందేమో అనిపిస్తుంది. బస్సు పలాస దాటకముందే దిగిపోవాలనిపిస్తుంది. వంటింట్లో ఉంటే వసారాలోకి, వసారాలో ఉంటే గదిలోకి… కాళ్ళు దానివి ఆగిపోయాయి. నావి ఆగవు.

మనోహర్ ఇప్పుడు టెక్కలి కాలేజీలో చెబుతున్నాడు. అక్కడ ఇల్లు చూశాడు. కింది అంతస్తు. నున్నటి టైల్స్. గుమ్మానికి మెట్టు లేదు. చక్రాలు వేలితో తోస్తే పోతాయి.

"ఇక్కడ నేల కూడా దాన్ని మొయ్యడం లేదు, నీలిమా" అన్నాడు.

నిజమే. ఇసుక నేల. కుర్చీ నాలుగడుగులు పోతుంది, కూరుకుపోతుంది.

బేబమ్మ రానంది. దానికి టైల్స్ వద్దు. దానికి పెరట్లో పాక కావాలి.

పెరట్లో కొబ్బరాకు పాక. ఏటా వేసవిలో అత్తగారూ, పక్కింటి ఎర్రమ్మా, ఇంకో ఇద్దరూ ఆ పాకలో గొంతుక్కూచుని జీడిపిక్కలు కొడతారు. కాల్చిన పిక్కని బూడిదలో పొర్లించి, రాయి మీద నిలబెట్టి, కర్రతో ఒక్క దెబ్బ. దెబ్బ తక్కువైతే డొల్ల పగలదు. ఎక్కువైతే పప్పు బద్దలవుతుంది. సరిగ్గా పడితే విరగని నిండు పప్పు, గుండు. తెల్లగా, వంకరగా, అప్పుడే కళ్ళు తెరిచినట్టు.

డొల్లలో ఉండేది జీడి. నల్లటి జిగురు. ఒంటికి తగిలితే వెంటనే ఏమీ అనదు. నిదానంగా, లోపల్లోపల, గంటలతరబడి కాలుస్తుంది. అందుకే చేతులకి ఆముదం రాసి బూడిద అద్దుకుంటారు. ఎంత అద్దుకున్నా ముప్పై ఏళ్ళకి చేతులు జీడి రంగుకే వస్తాయి.

వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ బేబమ్మ వసారాలో కూర్చుని ఆ పాకనే చూసింది. నాలుగు కర్రల చప్పుడు. నాలుగు నోళ్ళ కబుర్లు. ఊళ్ళో ఎవరి కోడలు అలిగిందో, బారువలో ఎవరి వలకి ఏం పడిందో, అంతా అక్కడే. నవ్వులన్నీ అక్కడే.

ఈ వేసవి మే నెలలో ఒకరోజు… సెలవులు పిల్లలకే గానీ మాకు కావు, అడ్మిషన్ల పని మీద నేను కాలేజీకి వెళ్ళాను. సాయంత్రం నాలుగింటికి గేటు తీస్తే, చప్పుడు వేరుగా వినిపించింది.

అయిదు కర్రలు.

అయిదోది తాళం తప్పుతోంది.

వసారా నుంచి పాక దాకా ఇసుక మీద బాట. కొబ్బరి డొక్కలు, కాయ మీది పీచు డిప్పలు, తడిపి, తొక్కి, దగ్గర దగ్గరగా పరిచిన బాట. అరవై ఎనిమిదేళ్ళ అత్తగారు ఒక్క పూటలో పరిచింది. బాట చివర పాక. పాకలో కుర్చీ. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క. చెక్క మీద రాయి. రాయి ముందు బేబమ్మ.

ఎర్రమ్మ ఆటపట్టిస్తోంది. "మా సేతులు ఇలగ నల్లబడ్డానికి ముప్పై ఏళ్ళు పట్టింది. నీకు పుట్టుకతోనే వొచ్చీసింది గుంటా."

"అందుకే అత్తా, ఈ పాకలో నానే సీనియర్ని."

పాక పాకంతా నవ్వింది. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నన్ను చూసి బేబమ్మ చెయ్యి చాపింది. బూడిద వేళ్ళ మధ్య ఒక గుండు. ఎక్కడా విరగలేదు.

"నోరు తెరు. నాను కొట్టిందే."

తిన్నాను.

ఆ సాయంత్రం నేను అద్దం తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదో చెప్పుకోగలను. అన్నం తింటూనే నిద్రకి జోగింది. నానమ్మ పక్కనే పడుకుంటానంది. పని చేసి అలిసిపోయిన మనిషిలా, చేతులు బార్లా చాపి పడుకుంది. అలాంటి మనిషిని తిరగేసి, అద్దం పెట్టి వెతకడం… ఆ ఒక్కరోజుకి వద్దనిపించింది. ఆ ఒక్కరోజుకి దాన్ని మామూలు పిల్లలా చూడాలనిపించింది.

ఒక్కరోజు.

పొద్దున్న స్నానానికి గౌను తీయబోతే రాలేదు.

అంటుకుపోయి ఉంది.

రెండు తొడల లోపలి వైపూ అడుగునా బొబ్బలు. అరచేతులంత. అంచుల్లో నలుపు. కొన్ని చితికిపోయాయి. బేబమ్మ చేతిలో ఇడ్లీ ముక్క పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది.

"ఏటమ్మా? ఏటి సూత్తన్నావు?"

దానికి ఏమీ తెలియదు. ఇడ్లీ నములుతోంది.

డొల్ల పగిలినప్పుడల్లా జీడి చిమ్మింది. చెక్క మీద పడింది. చెక్క సందులోంచి ఒడిలోకి, అక్కణ్ణుంచి తొడల అడుక్కి కారింది. చుక్క తర్వాత చుక్క. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. పిల్ల నవ్వుతూ ఉండగా.

అత్తగారు గుమ్మంలో నిలబడింది. నేను అరవలేదు. అరిచినా బాగుండేది.

"చేతిలో కర్ర పెట్టడం తెలిసింది గానీ, దాని ఒళ్ళు చూడాలని తెలియలేదా అత్తా?"

ఆమె తన చేతులు ముందుకు చాపింది, రుజువు చూపించినట్టు.

"సేతులకి రాసేను. వేలు వేలుకీ రాసేను. సేతులకి రాసేనే…"

రాసింది. నిజమే. గాజులు తొడిగినంత జాగ్రత్తగా ఒక్కో వేలికీ ఆముదం రాసిందని ఎర్రమ్మ తర్వాత చెప్పింది. చేతులకి అంత చేసిన మనిషి ఒడి మరిచిపోయింది.

మరుపు కూడా కాదేమో. యాభై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్న మనిషి. పిక్కలు కొట్టేవాళ్ళు గొంతుక్కూచుంటారు. మోకాళ్ళు చెవుల దాకా వస్తాయి.

గొంతుక్కూచున్నవాళ్ళకి ఒడి ఉండదు.

పలాసలో డాక్టరు కడిగి కట్టు కట్టాడు. మూడు వారాలు కూర్చోకూడదన్నాడు. బోర్లానే. రోజు విడిచి రోజు తీసుకురమ్మన్నాడు. మానుతుందా అంటే, చర్మం మాట వింటే మానుతుందన్నాడు. లోతుకి దిగితే మాత్రం ఎన్ని నెలలో తనూ చెప్పలేనన్నాడు.

బోర్లా.

మళ్ళీ బోర్లా.

మనోహర్ ఎవరినీ ఏమీ అనలేదు. సోమవారం పొద్దెక్కకముందే ఢిల్లీబాబు ట్రాలీ ఆటో వస్తుందని మాత్రం చెప్పాడు. పరుపు పరిచి పిల్లని పడుకోబెట్టుకుని వెళ్దామన్నాడు. టెక్కలిలో అయితే తను గంటకోసారి ఇంటికొచ్చి చూడగలడు. నేను సరేనన్నాను. సరేనని బట్టలు సర్దడం మొదలుపెట్టాను. సర్దినవి తీశాను. తీసినవి సర్దాను.

బేబమ్మ మంచం మీద బోర్లా పడుకుని, గెడ్డం కింద చేతులు పెట్టుకుని, నా చేతుల్నే చూస్తోంది.

"అమ్మా. మళ్ళీ పాకలోకి ఎల్లనీయవా?"

నేను ఒక చీర తీసి మడతపెట్టాను.

"నొప్పి నాకు తెల్దు. ఒప్పుకుంటాను. ఇష్టం కూడా తెల్దనుకుంటన్నారేటి మీరు?"

చీర మడత నా చేతిలో విప్పుకుపోయింది. మళ్ళీ మడతపెట్టాను. మళ్ళీ విప్పుకుపోయింది.

ఆ నాలుగు రోజులూ అత్తగారు పాకవైపు వెళ్ళలేదు. అన్నం ముందు కూర్చునేది, లేచేది. పిల్ల మంచం పక్కకి వచ్చేది, వెళ్ళేది. ఎర్రమ్మ వాళ్ళు వచ్చి ఖాళీ పాక చూసి వెళ్ళిపోయేవారు. కర్రల చప్పుడు లేని పెరట్లో కొబ్బరి మట్టల చప్పుడే మిగిలింది.

సోమవారం ఆటో వచ్చింది.

బట్టల మూటలెక్కాయి. గిన్నెల బస్తా ఎక్కింది. పిల్ల పుస్తకాల పెట్టె ఎక్కింది. కుర్చీ ఎక్కించడానికి మనోహర్ వసారాలోకి వెళ్ళాడు.

కుర్చీ లేదు.

పెరట్లోంచి చప్పుడు. ఒకే ఒక్క కర్ర.

కొబ్బరి డొక్కల బాట చివర, పాకలో, కుర్చీలో మా అత్తగారు కూర్చుని ఉంది.

అయిదేళ్ళలో ఆమె ఆ కుర్చీని తోసింది, తుడిచింది, ఎత్తింది. ఎన్నడూ కూర్చోలేదు. ఇప్పుడు కాళ్ళు వేలాడేసుకుని, వీపు నిటారుగా పెట్టి, అడ్డం చెక్కతో, ముందు రాయితో కూర్చుంది. ఒళ్ళో మనోహర్ తెల్ల పంచె, నాలుగు మడతలేసి పరిచి ఉంది. పిక్క నిలబెడుతుంది. కొడుతుంది. కర్ర ఆపి, చెక్క ఎత్తి, ఒళ్ళోకి చూస్తుంది. ఇంకో పిక్క.

గోడ మీద నుంచి ఎర్రమ్మ తొంగిచూసింది. "ఏటొదినా, మారాణీలాగ కూకున్నావు?"

అత్తగారు పిక్క మీద కర్ర దించింది.

వసారాలో మంచం మీద నుంచి బేబమ్మ మెడ సాచింది. "నానమ్మా, చెక్క నీ వైపు వాలిపోతంది. అందుకే ఒళ్ళోకి కారతంది. అటు వంచు… ఇంకా వంచు."

ఆమె వంచింది. కొట్టింది. చూసింది.

"అమ్మా, లే. కుర్చీ ఎక్కించాలి" అన్నాడు మనోహర్.

"ఉండ్రా."

"ఎండెక్కిపోతుంది."

"ఉండమన్నాను కాదేటి. ఇంకా పిక్కలున్నాయి."

ఆటో దగ్గర ఢిల్లీబాబు హారను కొట్టాడు. ఒకసారి. తర్వాత కొట్టలేదు. తాడు చేత్తో పట్టుకుని అతనూ పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

అత్తగారు నావైపు తిరిగింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి.

"ఇలా రా పిల్లా. నా కళ్ళు ఆనవు. నువ్వు సూడు, ఎక్కడ పడతందో. ఇంత ఎత్తున కూకుంటే మనిషికి ఒడి ఇంతుంటాదని నాకేటి తెల్సు?"

కాళ్ళు వెళ్ళాయో, నేను వెళ్ళానో. కుర్చీ ముందు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. తెల్ల పంచె మీద నల్లచుక్కలు. కుడి తొడ మీద ఎక్కువ. ఎడమ మీద తక్కువ. నడిమధ్య, చెక్క సందు కింద, చుక్కలు కలిసి ముద్దయిన మరక.

"ఇక్కడ" అన్నాను. "ఇక్కడే ఎక్కువ."

"రేకు ముక్క అడ్డెడితే?"

"రేకు అంచు కోసుకుంటే దానికి తెలీదు అత్తా."

"అవును… తెల్దు." ఆలోచించింది. "తోలు?"

తోలైతే అంచు కోసుకోదు. నేను చెక్క సందు వెడల్పు కళ్ళతో కొలిచాను. వసారాలో పిల్ల మంచం కిర్రుమంది. అంత దూరం నుంచీ అది నాకు వినిపించింది.

అత్తగారు ఇంకో పిక్క నిలబెట్టింది. కర్ర ఎత్తింది.

సముద్రం వైపు నుంచి గాలి లేచింది. బూడిద లేపింది. ఒళ్ళో పంచె అంచుని పట్టి లాగింది, ఎగరేసింది, మళ్ళీ లాగింది.

నేను రెండు చేతులతో ఆ అంచుని అదిమి పట్టుకున్నాను.

"కొట్టు అత్తా" అన్నాను.