పరువైన మురుగు

మా ఇంటి మురుగునీరు మూడు నెలల్లో శుభ్రం కాకపోతే నా ప్రాజెక్టు మూసేస్తారు, దాంతోపాటు నా ఉద్యోగం కూడా పోతుంది. ఈ మాట చెప్తే మా ఆయన, "ఏ ఉద్యోగమైనా అంతేలే" అన్నాడు.

నాది మురుగునీటి పరిశోధన. డ్రైనేజీ లైను లేని ఇళ్ల కోసం ఒక తొట్టి తయారుచేశాను. అందులో ఉండే బ్యాక్టీరియా మురికిని తినేస్తాయి, మొక్కలకు పోసుకోదగ్గ నీళ్లు బయటికొస్తాయి. ల్యాబులో కలిపిన మురుగుతో అద్భుతంగా పనిచేసింది. మా డైరెక్టరు మాత్రం, "ఇది మురుగు కాదమ్మా, షర్బతు. నిజమైన ఇంట్లో పెట్టి తొంభై శాతం మురికి తీసి చూపించు" అన్నాడు. తోటివాళ్లందరూ తొట్టిని తెగ పొగిడారు. పెట్టుకోవడానికి ఇల్లు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. చివరికి మా పెరట్లోనే దింపించాను.

మా పెరడంటే మా అత్తగారిదే. ఆవిడ తొట్టి చుట్టూ తిరిగి, "ఇందులో ఏముంది?" అంది.

"బ్యాక్టీరియా అత్తయ్యా."

"పురుగులా?"

"అలాంటివే."

"సరే" అని లోపలికి వెళ్లిపోయింది. నాతో ఆవిడ మాటలు ఎప్పుడూ ఇంతే. మేమిద్దరం పోట్లాడుకోం, అంత చనువు లేదు.

మొదటి వారం అంతా బాగానే ఉంది. తర్వాత మా ఆయన భోజనాల దగ్గర ఊరుకోకుండా, "అమ్మా, ప్రతి మీటింగులో మన ఇంటి మురుగు గ్రాఫు గోడ మీద వేసి అందరికీ చూపిస్తారట" అన్నాడు.

ఆ వారం నుంచి గ్రాఫు చతికిలపడింది. తొంభై కాస్తా నలభైకి దిగింది. గాలి పంపు విప్పాను, గొట్టాలు మార్చాను, బ్యాక్టీరియాని తిట్టుకున్నాను. నిద్ర పట్టేది కాదు. అసలు ఈ తొట్టి పనికిరాదేమోనని నిజంగానే భయం పట్టుకుంది.

ఒక ఆదివారం వంటింట్లోకి వెళ్తే, అత్తగారు గిన్నెలు కడిగిన నీళ్లను గుడ్డలో వడగట్టి సింకులో పోస్తోంది. పక్కనే సీసాలో వాడేసిన నూనె. ఒక్కొక్కటీ బయటపడ్డాయి. సబ్బు నీళ్లు వీధి చెట్టుకి పోస్తోంది. కంచాలు కాగితంతో తుడిచాకే కడుగుతోంది. మా ఆయన్ని పొద్దున్నే ఆఫీసుకి తరిమి, అన్నీ అక్కడే కానిచ్చుకోమంటోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"నలుగురూ చూసేది కదమ్మాయ్. మన ఇంట్లోంచి శుభ్రంగా వెళ్లాలి."

"అది మురుగండీ!"

"మురుగైతే మాత్రం? మన ఇంటిది కాదూ?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కూర్చోబెట్టి వివరించాను. వచ్చే మురికిలో తొట్టి ఎంత తీసిందన్నదే లెక్క. మురికే రాకపోతే అది తీసేదేముంటుంది?

"నేనే తీసేశాగా. ఆ మార్కులు నాకు వెయ్యమను" అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా ఉద్యోగం పోతుందత్తయ్యా. అవేమో తిండిలేక చస్తున్నాయి."

ఉద్యోగం సంగతి ఆవిడ చెవికెక్కినట్టు లేదు. "ఎవరు?" అంది.

"బ్యాక్టీరియా. మీరు మురికి పంపడం మానేసినప్పటి నుంచీ పస్తులే."

ఆవిడ మొహం పాలిపోయింది. "పస్తులా? మన ఇంట్లోనా? నోరులేని జీవాలమ్మాయ్, ముందే చెప్పి చావొచ్చుగా!"

సీసాలో నూనె అక్కడికక్కడే సింకులోకి పోయింది. మామూలుగా ఉంటే చాలని మొత్తుకున్నా వినలేదు. మర్నాడు విరిగిన పాలు పోసింది. రోజూ సాయంత్రం పెరట్లో నిలబడి, "తిన్నాయా?" అని అడిగేది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయింది, నన్ను ఒక్కసారైనా అలా అడిగిన పాపాన పోలేదు. బ్యాక్టీరియా మీద అసూయపడిన శాస్త్రవేత్తని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గడువు రోజున గ్రాఫు తొంభై నాలుగు దగ్గర నిలబడింది. మధ్యలో పడిపోయినదాన్ని చూపించి డైరెక్టరు కారణం అడిగాడు. "ఇంటివారి పరువు" అన్నాను. అలాగే రాసుకున్నాడు. "ఎక్కువ మురికి పోసినా తట్టుకుంటుందా?" అన్నాడు.

"మా అత్తగారినే తట్టుకుంది సార్."

ప్రాజెక్టు నిలిచింది. తొట్టిని ఊరి చివరి కాలనీకి తరలించమన్నారు. తరలించిన రోజంతా దాన్ని అక్కడ బిగించడంలోనే సరిపోయింది. సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు పెరట్లో, తొట్టి ఉన్న చోట నిలబడి ఉంది.

"అక్కడ తిన్నాయా?"

"కడుపునిండా తిన్నాయత్తయ్యా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు తిన్నావా?"

తల అడ్డంగా ఊపాను.

"అవంటే నోరులేనివి. నీకేమొచ్చింది, చెప్పడానికి?" అని గొణుక్కుంటూ కంచం పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగానే కూర్చుంది.

"ఇంకొంచెం పెట్టండి అత్తయ్యా" అన్నాను.